మే నెల డాబా మీద విందు: కొబ్బరాకు తోరణాలు, నన్నారి సోడా

మే నెలలో, విజయవాడలో, డాబా మీద స్నేహితులకు విందు ఇవ్వాలంటే మొదట ఎండను లెక్కలోకి తీసుకోవాలి. కట్టిన తోరణం సాయంత్రం దాకా నిలుస్తుందా, కలిపిన పానీయం గ్లాసులో చల్లగా ఉంటుందా అన్నవే అసలు ప్రశ్నలు. అందం, రుచి ఆ తర్వాత. ఈ వేసవిలో మా ఇంటి డాబా మీద అలాంటి విందు ఒకటి చేశాం. ప్లాస్టిక్ తోరణం ఒక్కటి కూడా కొనలేదు, సీసాల్లో అమ్మే రంగు షర్బత్తు వాడలేదు. ఏది ఎందుకు ఎంచుకున్నామో, ఎలా చేశామో రాస్తే ఇలాంటి ఆలోచన ఉన్నవాళ్లకు పనికొస్తుంది.

మేమందరం గుంటూరులో డిగ్రీ కలిసి చదువుకున్నవాళ్లం. ఇప్పుడు ఒకరు అనంతపురంలో, కొందరు హైదరాబాదులో, ఒకరు డల్లాస్‌లో ఉన్నారు. పిల్లల సెలవుల వల్ల అందరికీ వీలయ్యేది మే నెలే. పిల్లలు, మా అత్తయ్యగారి లాంటి పెద్దవాళ్లు, మేము ఒకే బల్ల దగ్గర ఒకే పానీయాలు తాగాలని ముందే అనుకున్నాం కాబట్టి మద్యం ప్రసక్తి రాలేదు. కాక్‌టెయిల్ గొప్పదనమంతా కలపడంలో ఉంటుందని నా గట్టి నమ్మకం. పులుపు, తీపి, ఘాటు, సువాసన, చల్లదనం, ఈ ఐదింటి పాళ్లు కుదిరితే గ్లాసుకు ఇంకేమీ అక్కర్లేదు.

అలంకరణలో ఏవి వద్దో ముందు తేల్చుకున్నాం. బెలూన్లు ఎండకు లోపలి గాలి వ్యాకోచించి పేలతాయి, పేలనివి చీకటి పడేసరికి ముడతలు పడి వేలాడతాయి. థర్మోకోల్ అక్షరాలు గాలికి విరిగి, ముక్కలు ఎగిరి ఎక్కడెక్కడో పడతాయి. బందరు, ఏలూరు, రైవస్ కాలువలు మూడూ ఊరి మధ్యగా పారే విజయవాడలో అలా ఎగిరిన చెత్త చివరికి ఎక్కడికి చేరుతుందో వంతెన మీద నిలబడితే కనబడుతుంది. ఇక బంతిపూలు. వాటి కాలం దసరా నుంచి సంక్రాంతి దాకా. వేసవిలో దొరికినా ఆ నిండుదనం ఉండదు. మల్లెపూలు మాత్రం ఈ కాలానివే, అవి తెచ్చుకోవచ్చు. అన్నిటికంటే ముందు మనసులో మెదిలింది కొబ్బరాకు.

పెళ్లిపందిళ్లు వేసే ఒక పెద్దాయన మా వీధిలోనే ఉంటారు. పందిరి గుంజలకు చుట్టే ఆ లేత పసుపు ఆకు కావాలని అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

"మొవ్వాకు అడగకండమ్మా. అది కోస్తే చెట్టు దెబ్బతింటుంది. కాయలు దింపేటప్పుడు కింది మట్టలు ఎలాగూ కొడతారు, వాటితో చేసుకోండి."

"ముదురాకు వంగదేమో కదా, బాబాయ్?"

"రాత్రంతా తడి గోనెలో చుట్టి పెట్టండి. తెల్లారేసరికి మీరు చెప్పినట్టు వింటుంది."

ఆయన చెప్పినట్టే చేశాం. పక్క వీధిలో కాయలు దింపినప్పుడు మట్టలు తెచ్చి, తడిపిన గోనెసంచుల్లో చుట్టి మెట్ల కింద నీడన పెట్టాం. మర్నాడు పొద్దున్నే, ఎండ ముదరకముందే, అందరం చుట్టూ కూర్చున్నాం. ఆకు కొస దగ్గర గోటితో చిన్న గంటు పెట్టి లాగితే ఈనె సర్రున ఊడి వస్తుంది, ఆకు రెండు పట్టీలవుతుంది. తడిసిన ఆకు పైన ముదురు పచ్చగా మెరుస్తుంది, వెనక కాస్త తెల్లబారి ఉంటుంది. ఆ రెండు రంగులూ పక్కపక్కన వచ్చేలా అల్లితే వేరే రంగులు పూయాల్సిన పని లేదు. రెండు ఆకుల నాలుగు పట్టీలతో బంతి, ఒక్క ఆకుతో గిరగిర తిరిగే గాలిపంకా, కొస చీల్చి మడిస్తే చిలుక. మా అనంతపురం స్నేహితురాలికి ఇవేవీ రావు. డల్లాస్ నుంచి వచ్చిన అతనికి మాత్రం ఊళ్లో తాతగారు నేర్పిన బూర మరపు రాలేదు. పట్టీని వాలుగా చుట్టుకుంటూ పోయి, చివర ఈనె ముక్క గుచ్చి ఊదాడు. ఆ క్షణం నుంచి పిల్లలెవరూ మాకు అల్లడంలో సాయం చేయలేదు, అందరికీ బూరలే కావాలి. ఆ మోత కూడా విందులో భాగమే అని వదిలేశాం.

పిల్లలకు చేతినిండా పనినిచ్చినవి కాగితపు జెండాలు. గాలిపటాల కాగితం ముక్కోణాలుగా కత్తిరించి పురికొసకు అంటించడం, వినాయకచవితి పందిళ్లలో మేమంతా చేసిన పనే. జిగురు ఇంట్లో కాచుకున్నాం. గ్లాసు చల్లటి నీళ్లలో రెండు చెంచాల మైదా ఉండలు లేకుండా కలిపి, సన్నని సెగ మీద తిప్పుతూ ఉంటే తెల్లదనం పోయి పలచటి గంజిలా చిక్కబడుతుంది. అప్పుడు దించేయాలి. గోడపత్రికలు అంటించేవాళ్లు పురుగు పట్టకుండా ఇందులో మైలతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లల చేతులు తగిలేచోట పనికిరాదు. ఒక్క సాయంత్రానికి పురుగు పట్టేదీ లేదు.

డాబాకు పైకప్పులా అమ్మ పాత నూలు చీరలు కట్టాం. మంగళగిరి చీరలు కొన్ని, వెంకటగిరివి కొన్ని. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీరలోంచి గాలి ఆడుతుంది, పాలియెస్టర్ గుడ్డ అయితే తెరచాపలా ఉబ్బి తాళ్లను తెంపుతుంది. నీళ్ల ట్యాంకు స్తంభాల నుంచి పిట్టగోడ కొక్కేలకు కాస్త వదులుగా కట్టి, మధ్యలో కొబ్బరాకు బంతులు వేలాడదీశాం. ఈ పని ఎండ తగ్గాకే చేయాలి. మధ్యాహ్నమే కడితే ఆకు వడలిపోతుంది, చేసేవాళ్లూ వడదెబ్బ తింటారు.

దీపాల విషయంలో కాలం కలిసివచ్చింది. మే అంటే ఇంటింటా కొత్త ఆవకాయ పెట్టే రోజులు. పాత ఆవకాయ అయిపోయి, గాజు సీసాలు కడిగి ఎండబెట్టి సిద్ధంగా ఉంటాయి. వాటి అడుగున ఇసుక పోసి, మధ్యలో చిన్న ప్రమిద పెడితే గాలి వీచినా దీపం అంత తేలిగ్గా ఆరదు. చీరలకూ కొబ్బరాకులకూ దూరంగా, పిట్టగోడ పొడవునా వరసగా అమర్చాం. పిల్లలు తిరిగే వైపు మాత్రం ప్రమిదలు మాని, సీరియల్ బల్బులు వేశాం.

ఇక పానీయాలు. నా మనసంతా వీటి మీదే ఉంది.

అనంతపురం స్నేహితురాలు నన్నారి వేరు తెచ్చింది. నన్నారి అంటే సుగంధపాల. సన్నగా, గోధుమరంగులో ఉండే ఆ వేరు ఒక రకం, లావుగా వేలెడు మందాన ఉండే మారేడు కొమ్ములు మరో రకం. రెండింటితోనూ షర్బత్తు చేస్తారు, రెండింటి వాసనా ఒకే కుదురుది. ఆ వాసననిచ్చే పదార్థం వెనిలాలోని వెనిలిన్‌కు రసాయనపరంగా దగ్గరి చుట్టం. అందుకే తొలిసారి తాగేవాళ్లు ఇదేదో ఐస్‌క్రీమ్ వాసనలా ఉందంటారు. ఆ సువాసన చాలావరకు పైబెరడులోనే ఉంటుంది. సుగంధపాల వేరును రోట్లో నలగ్గొడితే బెరడు ఊడి, మధ్యలో తెల్లటి పుల్ల మిగులుతుంది. పుల్లను తీసి పారేసి, బెరడు మాత్రం తీసుకున్నాం.

వంద గ్రాముల వేరుకు లీటరు నీళ్లు. నీళ్లు బాగా మరిగాక పొయ్యి ఆపేసి, నలగ్గొట్టిన బెరడు వేసి, మూత పెట్టి రాత్రంతా వదిలేయాలి. నేను మధ్యలో ఒకసారి రంగు చూద్దామని మూత మీద చెయ్యి వేశాను.

"మూత తీయకు. వాసనంతా ఇల్లు తాగేస్తుంది, మనకేమీ మిగలదు" అంది అనంతపురం స్నేహితురాలు.

వేరును నీళ్లలో వేసి గంటల తరబడి ఉడికించే పద్ధతీ ఉంది. అలా చేస్తే రంగు ముదురుగా దిగుతుంది గానీ, సువాసన ఆవిరితో పోతుంది. మేము పొద్దున వడగట్టి, లీటరు కషాయానికి కిలో చక్కెర వేసి, అది కరిగేంతవరకే వేడి చేసి, దించి చల్లార్చాం. చివర రెండు నిమ్మకాయల రసం పిండాం. ఈ పాకం శుభ్రమైన గాజు సీసాలో, ఫ్రిజ్‌లో చాలా రోజులు నిలవ ఉంటుంది. విందు పానీయాలలో ముందుగా చేసి పెట్టుకోగలిగిన పెద్ద పని ఇదొక్కటే.

కలిపే వరస ఇది. గ్లాసులో రెండు పెద్ద చెంచాల నన్నారి పాకం, అరచెక్క నిమ్మరసం, చిటికెడు ఉప్పు, చెంచాడు నానిన సబ్జా గింజలు, ఐసు, చివరగా సోడా. సబ్జా పావుగంటలో ఉబ్బుతుంది, ముందే నానబెట్టి ఉంచుకోవాలి. సోడా పోశాక చెంచాతో ఒక్కసారి అడుగు నుంచి పైకి లేపి వదిలేయాలి. గిలకొడితే గ్యాసంతా పోయి చప్పబడుతుంది. సోడా ముందే బాగా చల్లబడి ఉండటం చాలా ముఖ్యం. చల్లటి నీళ్లు గ్యాసును పట్టి ఉంచినట్టు వెచ్చటి నీళ్లు పట్టి ఉంచలేవు. మేము గోలీ సోడాలు తెప్పించాం. ఆ సీసాను 1872లో ఇంగ్లండులో హైరమ్ కాడ్ అనే ఆయన పేటెంటు చేశాడు. లోపలి గ్యాసు ఒత్తిడికి గోలీ పైకి లేచి రబ్బరు వాషరుకు అతుక్కుంటుంది, అదే దానికి మూత. బొటనవేలితో గోలీని లోపలికి నొక్కగానే వచ్చే ఆ "కీచ్" చప్పుడు కోసం పిల్లలు బల్ల దగ్గరే వరస కట్టారు. సీసా కొట్టే పని పెద్దపిల్లలకు అప్పగించాం.

రెండోది పచ్చిమామిడి. ఇది పూర్తిగా మా అత్తయ్యగారి చేతి పనితనం. ఆవకాయకు తెచ్చే పుల్లటి కాయలను ఉడికించకుండా పొయ్యి మంట మీద తిప్పుతూ తొక్క నల్లగా మాడేదాకా కాల్పించారు. కాలిన కాయలోంచి గుజ్జు చేత్తో పిండితే వచ్చేస్తుంది, ఒక పొగ వాసన కూడా అంటుకుని ఉంటుంది. ఆ గుజ్జుకు బెల్లం, వేయించిన జీలకర్ర పొడి, ఉప్పు, నలిపిన పుదీనా. ఇక్కడ నేనొక ముచ్చట తీర్చుకున్నాను. గ్లాసు అంచుకు నిమ్మచెక్క రుద్ది, ఉప్పూ గుంటూరు కారమూ కలిపి పరిచిన పళ్లెంలో బోర్లించి తిప్పాను. ఎర్రటి అంచుతో గ్లాసులు వరసగా నిలబడితే అలంకరణ బల్ల మీదికి కూడా వచ్చేసింది. మొదట కారం పెదవికి తగులుతుంది, వెంటనే పులుపు, ఆ వెనక బెల్లం. ఆ సాయంత్రం ఎక్కువమంది మళ్లీ మళ్లీ అడిగింది ఇదే.

ముంజలు ఎవరికి వారు వలుచుకునేలా పెట్టాలని కొందరన్నారు. నేను ఒప్పుకోలేదు. పానీయంలో వేసే ముంజ మీద ఆ సన్నటి గోధుమరంగు పొర ఏమాత్రం మిగిలినా వగరు దిగుతుంది. ఓపికగా వలిచి, లోపలి నీరు కారిపోకుండా గిన్నె మీదే పట్టుకుని ముక్కలు కోసి, ఆ నీటితో సహా లేత కొబ్బరినీళ్లలో వేశాం. రెండు చుక్కల నిమ్మరసం, అంతే. ఇందులో చక్కెర వేయకూడదు. ముంజకు ఉన్నది మరీ సన్నని రుచి, తీపి ఎక్కువైతే దాని జాడ తెలియదు.

మంగళగిరి పక్కనే ఉంటూ పానకం లేకుండా విందు చేయడం నాకు ఊహకు కూడా అందదు. కొండ మీద పానకాల స్వామికి భక్తులు తెచ్చిన పానకాన్ని అర్చకులు శంఖంతో నోట్లో పోస్తారు, స్వామి సగం తీసుకుని మిగిలిన సగం ప్రసాదంగా విడిచిపెడతాడని నమ్మకం. చిన్నప్పుడు ఆ గుడి మెట్లు ఎక్కి తాగిన పానకం రుచే నాకు కొలమానం. కప్పు బెల్లానికి నాలుగు కప్పుల నీళ్లు, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు, యాలకులు, శొంఠి, నాలుగు తులసి ఆకులు. కొత్త మట్టికుండలో పొద్దున్నే కలిపి పెట్టాను. విందుకు ప్రత్యేకంగా చేసిందల్లా వడ్డించేటప్పుడు పైన కాస్త అల్లం రసం పిండటమే. పానకంలో సోడా పోద్దామని డల్లాస్ అతను అడిగితే అతని గ్లాసులో మాత్రం పోశాను. తాగి బాగుందన్నాడు. నాకు మాత్రం పానకం కుండలోంచి ఎలా వచ్చిందో అలాగే ఉండాలి.

తీపి తినకూడనివాళ్ల కోసం దబ్బాకు మజ్జిగ. పుల్లటి పెరుగు చిలికి, పలచగా నీళ్లు పోసి, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు దంచి వేసి, దబ్బాకులను ఈనె తీసి చేత్తో నలిపి వేయాలి. అరగంట తర్వాత ఆకులు తీసేయాలి, ఇంకా ఉంచితే చేదెక్కుతుంది. చక్కెర వ్యాధి ఉన్న స్నేహితులు ఇద్దరు ప్రతి విందులోనూ మంచినీళ్ల గ్లాసు పట్టుకుని కూర్చునేవారు. ఈసారి వాళ్ల చేతుల్లోనూ పరిమళించే గ్లాసులు ఉన్నాయి. నాకు అన్నిటికంటే సంతోషం కలిగించిన సంగతి అది.

ఐసు గురించి విడిగా చెప్పాలి. ఫ్యాక్టరీలో దొరికే ఐసుగడ్డ ఏ నీళ్లతో చేసిందో మనకు తెలియదు. దాన్ని సీసాల చుట్టూ, గంగాళంలో మాత్రమే వాడాం. పైన గళ్లుప్పు చల్లితే ఐసు కరుగుతూ ఇంకా చల్లబడుతుంది, గోలీ సోడాలు చేత్తో పట్టుకోలేనంత చల్లగా తయారయ్యాయి. గ్లాసుల్లో వేసే ఐసు కాచి చల్లార్చిన నీళ్లతో ఇంట్లో చేసిందే. దానికి తోడు కొబ్బరినీళ్లను అచ్చుల్లో పోసి గడ్డకట్టించాం, పుచ్చకాయ గింజలు తీసి ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టాం. ముంజల గ్లాసులో కొబ్బరినీళ్ల ఐసు, నన్నారిలో పుచ్చకాయ ముక్కలు. అవి కరిగినా పానీయం పలచబడదు, రుచి ఇంకా చేరుతుంది. మట్టి గ్లాసులు వాడేవాళ్లు వాటిని గంటసేపు నీళ్లలో నానబెట్టడం మరవకూడదు. పొడి మట్టి పానీయాన్ని పీల్చేస్తుంది. మేము పానకానికీ మజ్జిగకూ మట్టి గ్లాసులు, మిగిలినవాటికి గాజువీ స్టీలువీ వాడాం.

కుండ చుట్టూ తడిగుడ్డ కట్టే విషయంలో అనంతపురానికీ విజయవాడకూ తేడా ఉంది. అక్కడి పొడిగాలిలో తడి త్వరగా ఆరుతుంది కాబట్టి కుండ బాగా చల్లబడుతుంది. మా దగ్గర గాలిలో ఉక్క ఎక్కువ, తడి అంత త్వరగా ఆరదు. కృష్ణా తీరంలో కుండను నమ్ముకుని ఐసు మానేయడం కుదరదు.

సూర్యుడు దిగాక డాబా మీద బిందెలతో నీళ్లు పోశాం. రోజంతా కాగిన గచ్చు మీద నీళ్లు పడగానే వేడి ఆవిరి లేస్తుంది, మొదటిసారి పోసిన నీళ్లు క్షణంలో ఇంకిపోతాయి. రెండోసారి పోస్తే గాని కాళ్లు పెట్టలేం. ఆ తర్వాత బియ్యప్పిండితో ముగ్గు పెట్టి, చాపలు పరిచి, పళ్లాల్లో మల్లెలు పోసి అక్కడక్కడ ఉంచాం. పైరగాలి మొదలయ్యేసరికి కాగితపు జెండాలు గలగలలాడాయి. పాటల పెట్టె తెచ్చారుగానీ చాలాసేపటి దాకా దాన్ని ఎవరూ తెరవలేదు. ఏ గ్లాసులో ఏముందో, ఎలా చేశారో అన్న మాటలతోనే గంటలు గడిచాయి. హైదరాబాదు నుంచి వచ్చిన స్నేహితురాలు నన్నారి కొలతలు చేతి మీద రాసుకుంది.

మర్నాడు శుభ్రం చేయడానికి పట్టిన సమయం చాలా తక్కువ. ఆకులు మొక్కల కుండీల్లోకి ఎరువుగా వెళ్లాయి, పోగుపడిన ఈనెలను మా పనిమనిషి చీపురుకని అడిగి పట్టుకెళ్లింది, జెండాల తాళ్లు చుట్టి వినాయకచవితికి దాచాం. చీరలు ఉతికి బీరువాలోకి, సీసాలు కొత్త ఆవకాయకు. మిగిలిన నన్నారి పాకం చిన్న సీసాల్లో పోసి తలా ఒకటి ఇచ్చాం.

తర్వాతి కలయిక సంక్రాంతి సెలవుల్లో అనంతపురంలో. అప్పుడు బంతిపూలు గంపలకొద్దీ దొరుకుతాయి, రేగిపళ్లు ఉంటాయి, చెరకు ఉంటుంది. చెరకురసంలో అల్లం, నిమ్మ కలిపి ఒక పానీయం చేయాలని ఇప్పటి నుంచే అనుకుంటున్నాం. అయితే చెరకురసం పిండిన కాసేపటికే నల్లబడి రుచి మారిపోతుంది, ముందుగా చేసి పెట్టుకునే వీలు లేదు. డాబా మీదికి చేతితో తిప్పే గానుగ ఒకటి ఎక్కించగలమా అని అనంతపురం స్నేహితురాలు అక్కడ కనుక్కుంటోంది.